తోకను విడవని లామ్వాకా గారు

1991 ఆగస్టు 19న జింజాలోని మా వైరస్ పరిశోధనశాలలో సహాయకురాలిగా విధుల్లో చేరిన డాక్టర్ ఫిలొమెనా లామ్వాకా గారు, మూడు దశాబ్దాలకు పైబడిన అవిచ్ఛిన్న సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఉత్తరాదిన ఉన్న గులూ నుంచి వచ్చిన ఆమెకు, దోమకాటుతో సోకే ఒన్యాంగ్-న్యాంగ్ వైరస్ జ్వరం పుస్తకాల్లో చదివినది కాదు. కీళ్లు పట్టేసి నెలరోజులు నీళ్లకుండ ఎత్తలేకపోయిన తల్లిని కళ్లారా చూసినది.

తొలి పదేళ్లు దోమలను సేకరిస్తూ, వైరస్‌ను పెంచుతూ, సెలవుల్లో కంపాలా వెళ్లి ఉన్నత విద్య పూర్తిచేసి, 2003లో ఆమె శాస్త్రవేత్తగా పదోన్నతి పొందారు. ఆ వైరస్ ప్రొటీన్లలో ఒకదాని చివరి భాగం, తక్కిన ప్రొటీన్లలా నిశ్చిత రూపంలోకి ముడుచుకోక, వదులుగా వేలాడుతుంది. అది నిరుపయోగమైన తోక అని తలచి, దాన్ని తొలగించి మిగిలినదే పరిశీలించడం నాటి ఆనవాయితీ. వదులుగా ఉన్నందువల్లనే ఆ తోక మన కణంలోని పలు ప్రొటీన్లను పట్టుకోగలదని, తద్వారా వైరస్ వృద్ధికి తోడ్పడుతుందని లామ్వాకా గారు 2008లో ఒక వ్యాసంలో ప్రకటించారు.

మరుసటి ఏడాది ఒక విదేశీ ప్రయోగశాల నుంచి లేఖ వచ్చింది: మీ ప్రయోగం మేము చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు, వ్యాసం ఉపసంహరించుకోండి అని. నాటి సంచాలకులు కిస్సెక్కా గారు ఆమెను పిలిపించారు.

"పరువు పోకముందే వెనక్కి తీసుకుందామమ్మా."

"తప్పు నాదైతే నేనే ఒప్పుకుంటాను సార్. ముందు వాళ్ల ప్రొటీన్ కొంచెం తెప్పించండి, పొడవెంతుందో చూస్తాను."

పార్శిల్ రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఆమె సరిగా తినలేదు. రెండు ప్రొటీన్లనూ పక్కపక్కన పరీక్షించిన నాడు నేనూ అక్కడే ఉన్నాను. విదేశీ ప్రయోగశాల వారిది పొట్టిగా తేలింది. వదులైన భాగాలు త్వరగా తెగిపోతాయి. శుద్ధి చేయడంలో జాప్యమై, ఎంజైములు తోకను కొరికేశాయి.

"ఒకెల్లో, చూడవయ్యా, వాళ్ల దానికి తోకే లేదు!" అని నాతో అంటూ స్టూలు మీద కూలబడి, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. "పద పద, క్యాంటీన్‌లో అరటికాయ మటోకే మిగిలిందేమో చూద్దాం. ఆకలి చంపేస్తోంది."

కిస్సెక్కా గారు స్వయంగా వచ్చి, "నిన్ను అనుమానించానమ్మా, క్షమించు," అన్నారు.

"మీదేముంది సార్, ఆ ఉత్తరం చదివాక నన్ను నేనే నమ్మలేదు."

ఆ ప్రయోగశాల వారు తాజా ప్రొటీన్‌తో ప్రయోగాన్ని పునరావృతం చేసి, తమ పొరపాటును సహృదయంతో అంగీకరించారు. నేడు ఆ తోకను మార్చి వైరస్‌ను బలహీనపరిచే కృషిని ఆమె శిష్యులు నలుగురు కొనసాగిస్తున్నారు.

"ఇక నేను రాకపోయినా పని ఆగదు, అదే చాలు. పొద్దున్న పదింటిదాకా పడుకుంటాను," అని మొన్న నాతో అన్నారు. భర్త ఓజోక్ గారి సాహచర్యంలో, సంపూర్ణ ఆరోగ్యంతో, అటువంటి నిశ్చింతమైన ఉదయాలు వారికి మరో నలభై ఏళ్లపాటు లభించాలని, ఎవరూ తలుపు తట్టి లేపకూడదని మా అందరి హృదయపూర్వక ఆకాంక్ష.

— డేవిస్ ఒకెల్లో, సహోద్యోగి