శుక్రవారం టైపు చెయ్యని మాటలు

కొంపల్లిలో ఒక అపార్ట్‌మెంటు, శుక్రవారం సాయంత్రం. సినిమాలకీ ప్రకటనలకీ నేపథ్య సంగీతం కట్టి అమ్ముకునే రాఘవేందర్, అతనికి ఇంగ్లీషు టైపు చేసిపెట్టే ఎదురు ఫ్లాటు కామేశ్వరమ్మ, వాళ్ళ మధ్య ఒక కంప్యూటరు, లోపలి గదిలో అతని భార్య పద్మలత.

"...గట్ల గాదు ఆంటీ. నేను చెప్పింది శవయాత్ర. మీరు రాసిందేంది? 'బంధుమిత్రులతో ప్రయాణం, దారి పొడుగునా పూలు.'"

"అందులో అబద్ధం ఏవుంది? ప్రయాణం కాదూ?"

"ప్రయాణమే..."

"బంధువులు రారూ?"

"వస్తరు..."

"పూలు చల్లరూ?"

"చల్లుతరు ఆంటీ, గని..."

"మరింకేం."

"మరింకేందా? టూరిస్టు బస్సులోడు ఊటీ యాడ్‌కు కొనుక్కపోయిండు! బస్సు కదులుతాంది, పిల్లలు చెయ్యి ఊపుతుండ్రు, ఎనకనుంచి నా డప్పు! లైబ్రరీ మీదికి లొల్లికి వొయిండంట."

"డప్పు బావుందన్నాడా?"

"ఆంటీ!"

"అరవకు. ఇప్పుడే దీపం పెట్టుకుని వచ్చాను."

"జర ఇనుండ్రి. లైబ్రరీ అంటే పుస్తకాలది గాదు. బొంబాయిల మ్యూజిక్ దుకాణం. సీరియలోళ్ళు, యాడ్‌లోళ్ళు కూసొని అన్నీ ఇనరు. 'ఏడుపు' అని కొట్టి ఎతుకుతరు. ఏడుపు అని రాసి ఉంటెనే మన ఏడుపు కనవడతది."

"తెలుసులే. వంటింట్లో డబ్బాల మీద చీటీలు అంటించినట్టు."

"ఆఁ, గదే! మీరు కారం డబ్బా మీద చక్కెర అని అంటిస్తున్నరు."

"శుక్రవారం పూట కారం అనడం ఎందుకని."

"ఇయ్యాల ఆ లైబ్రరీవోడు మెయిల్ వెట్టిండు ఆంటీ. ఏడింటి లోపల అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు రాసి పంపకుంటే నా ఖాతా బంద్. మళ్ల జిందగీల నా మ్యూజిక్ ముట్టడంట."

"అంత మాటన్నాడా!"

"ఇగో, ఇనవడుతుందా? మా తమ్ముడు బాలరాజు మళ్ల ఫోన్ జేసిండు. ఖాతా బంద్ అయితే రేపటి సంది శామీర్‌పేటల వాని టైల్సు దుకాణంల కూసోమంటుండు."

"పద్మలతా, నువ్వు జర ఆగు."

"నేను ఆగుత. టైల్సు ఆగుతయా? దుకాణం సొక్క గూడ పంపిండు. ఇస్త్రీ జేసి పెట్టిన."

"ఇస్త్రీ గూడ జేసినవా!"

"రెండు జేబులున్నయి. ఆంటీ, మంచిగున్నరా?"

"బావున్నానమ్మా. చొక్కా ఏం రంగు?"

"నీలం."

"రాఘవేందర్ ఛాయకి నప్పుతుంది."

"ఆంటీ, మీరు ఎవల దిక్కు?"

"నీ దిక్కే నాయనా. నిన్ను బావమరిది దగ్గర టైల్సు లెక్కపెట్టుకోనిస్తానా? చెప్పు, ఇంకా ఏం తప్పులున్నాయంటాడు?"

"రెండోది. తుఫాన్ల గుడిసెల దీపం ఆరిపోతది అని చెప్పిన."

"ఛ ఛ, అదేం మాట! దీపం కొండెక్కింది అనాలి."

"మీరు అన్నరు. అన్నది అన్నట్టే ఇంగ్లీషుల గొట్టిన్రు. దీపం కొండ ఎక్కును. వాడు తీస్కపోయి ట్రెక్కింగుల ఏసిండు."

"ఎవరైనా కొన్నారా?"

"బూట్ల కంపెనీ కొన్నది."

"చూశావా! అమ్ముడుపోతుంటే పైగా నన్నంటావు."

"కొని వాపస్ ఇచ్చిండ్రు ఆంటీ. ఆ బూట్లు ఏసుకున్నోడు ఇగ తిరిగి రాడు అన్నట్టున్నదంట."

"తిరిగి రాడు... అదీ! వాళ్ళెంత మర్యాదగా అన్నారో చూడు. నువ్వూ ఉన్నావు."

"మూడోది దయ్యాల కొంప. తలుపు కిర్రుమంటది, ఎవలో నడిచినట్టుంటది, సూస్తే మనిషుండడు. దానికి మీరేం రాసిన్రో మీరే సదువుండ్రి."

"'విశాలమైన ఇల్లు. ప్రశాంత వాతావరణం. ఇరుగుపొరుగు గొడవ లేదు. వెంటనే గృహప్రవేశానికి సిద్ధం.'"

"పేట్ బషీరాబాద్‌ల విల్లాలు అమ్మేటోడు కొన్నడు."

"వాడూ తిట్టాడా?"

"లే. మంచిగ సరిపోయిందని థాంక్స్ చెప్పిండు."

"మరి!"

"గదొక్కటి వదిలెయ్యుండ్రి. గీ డప్పుకు ఏగం నిమిషానికి నలభై దెబ్బలు అని నేనిస్తే, డెబ్బై రెండు ఎందుకు జేసిన్రు?"

"నలభైయా? మా వారికి నలభై ఎనిమిదికి పడిపోతేనే డాక్టరు పడుకోబెట్టేశాడు. డెబ్బై రెండుంటే ఆరోగ్యం."

"అది గుండె గాదు ఆంటీ, డప్పు!"

"డప్పుకి మాత్రం ఏం కర్మ!"

"నలభై అని ఎతికినోనికి నలభయ్యే కావాలె. ఇగ దండం పెడుత, కూసొని మార్చుండ్రి. శవయాత్ర అని గొట్టుండ్రి."

"నేనా? దీపం పెట్టిన చేత్తోనా? నీ పేరు కింద ఆ మాట నా వేళ్ళతో పడితే నాకు నిద్ర పడుతుందా?"

"మంగళారం తెస్తె మంగళారం అన్నరు. బుధారం తెస్తె ఏకాదశి అన్నరు. శనారం తెస్తనంటే..."

"శనివారం మా వారికి పడదు."

"మరి ఏ దినం సావాలె ఆంటీ నేను?"

"చూడు! నోరు చూడు! తథాస్తు దేవతలు ఈ అపార్ట్‌మెంటు మీంచి కూడా తిరుగుతారు బాబూ, లిఫ్టు పని చెయ్యకపోయినా."

"ఆంటీ, ఆరున్నర అయితాంది."

"ఒక పని చేద్దాం. నువ్వు కొట్టు. అక్షరాలు నేను చెప్తాను. విడివిడిగా అక్షరాలకి దోషం లేదు."

"నాకు కీబోర్డు అంటే తెలుపు నలుపుదే వస్తది. గీ దాంట్ల అచ్చరాలు దొరకయి."

"నేను కాకినాడలో టైపు హయ్యరు ఫస్టుక్లాసు. కళ్ళు మూసుకుని చెప్తాను, కొట్టు. డీ."

"డీ యాడున్నది?"

"ఎస్ పక్కన."

"ఎస్ యాడున్నది?"

"ఏ పక్కన."

"ఆఁ, దొరికింది."

"ఈ."

"ఈ."

"ఏ. నారాయణ, నారాయణ."

"ఏ... ఎన్ను... ఏ... ఆర్..."

"అయ్యో, అది కొట్టకు! అది నాకోసం అనుకున్నాను."

"మరి ముందుగాల చెప్పద్దా! తుడిచేసిన. ఇగ?"

"టీ. హెచ్చు. అంతే. ఏమైందో పైకి చదవకు."

"డె..."

"చదవద్దన్నానా!"

"సదువలె, సదువలె. మస్తు వచ్చింది ఆంటీ! ఇగ ఏడుపు చెప్పుండ్రి."

"చెప్తా పద. దయ్యం ముందు అయిపోనీ. పద్మలతా, ఆ చొక్కా మడత విప్పకమ్మా, మీ ఆయన దారిలో పడ్డాడు."

"పడనియ్యుండ్రి సూద్దాం. మా తమ్మునికి మళ్ల ఏం చెప్పాలె?"

"ఏడు దాకా ఆగమను."

"అయినయి! ఏడుపు, దయ్యం, సీకటి అన్ని పెట్టిన. నలభై గూడ పెట్టిన."

"పెట్టుకో. నేను అటు చూస్తున్నా."

"ఇగ కింద నా సంగతులు అడుగుతుండు. పేరు కొట్టిన. గీ గడిల ఏమడుగుతుండు?"

"పుట్టిన సంవత్సరం."

"కొట్టిన. దాని పక్క గడి?"

"ఏదీ, కళ్ళజోడు పెట్టుకోనీ... ఛ! ఛీ ఛీ! అది వదిలెయ్."

"ఏందది?"

"ఏదో సంవత్సరంలే. నీకెందుకు."

"ఏ సంవత్సరం?"

"నూరేళ్ళు చల్లగా ఉండు, ముందు కింది గడికి పద. అమ్మా పద్మలతా, కాసిని మంచినీళ్ళిస్తావా?"

"ఖాళీ గడి సూస్తె మళ్ల వాపస్ పంపుతడు ఆంటీ. ఏదో సంవత్సరమే గద... ఇగో... అయిపోయింది. పంపిన!"

"పంపేశావా? హమ్మయ్య. ఏడింటి గడువు అందుకున్నాం, అనకూడని మాట అనకుండా. ఇంకొంచెం నీళ్ళియ్యమ్మా."

"ఇంత భయం నేను పెండ్లినాడు గూడ పడలె."

"ఆ దినం నేను పడ్డ. మా ఇంటోళ్ళు అడిగిండ్రు, పిల్లగాడు ఏం జేస్తడని. మ్యూజిక్ అన్న. అది సరే, ఏం జేస్తడు అన్నరు."

"పద్మలతా, జర సప్పుడు జెయ్యకు. పంపి పావుగంటయింది, ఒక్క మాట లేదు... ఫోన్! బొంబాయి నంబరు! ఆంటీ, మీరే మాట్లాడుండ్రి, నాకు ఇంగ్లీషుల నోరు తిరుగదు."

"ఇలా తే. హలో. యస్. యస్, రాఘవేందర్స్ నంబర్. నో నో, నైబర్. ...ఓ. ...ఐ సీ."

"ఏమంటుండు?"

"ఉండు. ...ఓ, థాంక్యూ, థాంక్యూ. ...ఆల్బమ్ మొత్తం ఉంచుకుంటారట. ఖాతా బందు చెయ్యరట."

"అన్నీనా! పద్మలతా! గా సొక్క మీ తమ్మునికి వాపస్ పంపు! జేబులతోటి పంపు!"

"ష్! ...యస్ సర్. మొదటి పేజీలో పెడతారటోయ్ నీ సంగీతం. పెద్దక్షరాల్లో."

"మొదటి పేజీలనా! ఇన్నొద్దులు యాడ వెట్టిండు నన్ను!"

"...యస్, వైఫ్ ఈజ్ హియర్."

"నన్నెందుకు అడుగుతుండు ఆంటీ?"

"ఇకమీదట వచ్చేదంతా నీ పేరు మీదే పంపుతారటమ్మా. ఏ సాయం కావాలన్నా మొహమాటపడొద్దంటున్నాడు."

"నా పేరు మీదనా? మంచోడున్నట్టుండు."

"గదేంది! మ్యూజిక్ నాది గద? ఆమె పేరు మీదెందుకు?"

"రాఘవేందరూ. పుట్టిన సంవత్సరం పక్క గడిలో ఏం కొట్టావు?"

"గీ సంవత్సరం. ఏదో సంవత్సరమన్నరు గద, ఆల్బమ్ పని ఇయ్యేడు అయిపోయింది గద అని ఇయ్యేడిదే గొట్టిన. తప్పా? ఎందుకు ఆంటీ గట్ల సూస్తున్నరు? అది గాదు, మ్యూజిక్ నచ్చిందా లేదా, గదొక్కటి చెప్పుండ్రి!"

"నచ్చకేం నాయనా. ఆఫీసులో అందరూ లేచి నుంచున్నారట."

"నా మ్యూజిక్‌కా!"

"నీకే. రెండు నిమిషాలు. మౌనంగా."