తాబేలు కోసం వచ్చిన పెద్దాయన

అమెరికాలోని టూసాన్ ఊళ్ళో ఎడారి తాబేళ్ళను పెంపకానికిచ్చే చోటికి ఎనభై దాటిన ఒక పెద్దాయన వచ్చాడు. అక్కడ పనిచేసే అమ్మాయి తాబేలును ఒళ్ళో పెట్టుకుని అనుమానంగా చూసింది.

"సార్, ఇది ఇంకో యాభై ఏళ్ళు బతుకుతుందండీ. మీరు కుక్కను తీసుకోకూడదూ?"

"ఐదు కుక్కల్ని పూడ్చిపెట్టానమ్మా. ఇంక ఏడవడం నా వల్ల కాదు."

"పోనీ, తెల్లెలుక?"

"మనవరాలు ఒకటి తెచ్చింది. పేరు పెట్టేలోపే ముసలిదైపోయింది."

"ఎలుక బతుకంతేనండీ. ఏ పామో గద్దో ఎప్పుడు మింగుతుందో తెలీదు. అందుకే గబగబా పెరిగి, పిల్లల్ని కనేసి పోతుంది. తాబేలుకు పైన డొప్ప ఉంది. ఒళ్ళు బాగుచేసుకుంటూ తీరిగ్గా బతుకుతుంది."

"నేనూ ఏనాడూ తొందరపడలేదే! మరి నా మోకాళ్ళెందుకు పోయాయి?"

"మీకు డొప్ప లేదుగా!"

"ఇస్తావా, ఇవ్వవా?"

"మీ తర్వాత దీన్నెవరు చూస్తారు? అది తేలందే ఇవ్వను."

"నీ వయసెంత?"

"ముప్పై రెండు."

"ఇంకేం, నువ్వే చూడు."

"నేనా? భలేవారే!"

"వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను, దాన్ని ఒళ్ళోంచి దించావా? ఇవ్వబుద్ధి కాకే కదా ఈ సాకులన్నీ!"

అమ్మాయి కాసేపు తాబేలు తల నిమిరింది.

"సరే, తీసుకెళ్ళండి. ఆదివారాలు వచ్చి చూసిపోతాను."

"రా తల్లీ. నేను పోయాక మాత్రం ఆ మాట దానికి నిదానంగా చెప్పు. పాపం, దానికి ఏదైనా అర్థమవడానికి టైం పడుతుంది."