పటం మీద ఒకే ఒక్క చుక్క

అబ్బబ్బ, ఇక చాల్లే నెవేనా! గంటయింది ఆ మైక్రోస్కోపుకి కన్ను అతికించి. ఒక్క తేనెటీగ. అదీ చచ్చి ముప్పై ఒక్క ఏళ్ళయిన ఈగ. అంతసేపు చూస్తే దానికే సిగ్గేస్తుంది.

కాఫీ చల్లారిపోతోంది. మా ఆవిడ, నీ స్తాంకా పిన్ని, బనిత్సా పంపింది, పొరల రొట్టెలో జున్ను దండిగా పెట్టి. "ఆ సోఫియా నగరం పిల్ల పుల్లలా ఉంటుంది, దగ్గరుండి తినిపించండి" అంది. ముందు తిను. ఈగ ఎక్కడికీ ఎగిరిపోదులే, సూదికి గుచ్చి ఉంది.

నా పెట్టెలే దొరికాయా అమ్మా నీకు? రాజధాని నుంచి ఈ రోడోపీ కొండల్లోకి, ఈ బుల్లి మ్యూజియానికి, మూడు బస్సులు మారి... ఊరికే రారు కదా మహానుభావులు! కోకిల తేనెటీగలన్నిటికీ కొత్తగా వర్గాలు కడతావు, ఏది ఏ ప్రాంతంలో ఉందో కొత్త పటం గీస్తావు. సంతోషం. పాత పటంలో ఈ జాతికి మా జిల్లా మొత్తం మీద ఉన్నది ఒకే ఒక్క చుక్క. అది నాది. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఈ లుబెన్ గాడు సంపాదించింది అదొక్కటే. దాన్ని ఉంచాలా, తీసెయ్యాలా అని చూడటానికి వచ్చావు నువ్వు.

ఏం, గుర్తుపట్టడంలో తప్పుందా? చూడు, నల్లటి ఒంటి మీద తెల్లటి మచ్చలు. కాళ్ళకి పుప్పొడి మోసే కుచ్చు లేదు. ఎందుకుంటుంది? మోస్తే కదా! పక్కావిడ గూడు కట్టి, పుప్పొడి ముద్ద చేసి పెట్టుకుంటే, ఈవిడ మెల్లగా దూరి గుడ్డు పెట్టి వచ్చేస్తుంది. ఇలాంటివన్నీ ఒకే వంశం అనుకుంటారు జనం. కాదు! వేరువేరు వంశాల్లో, దేనికది, ఎవరూ నేర్పకుండానే దొంగలయ్యాయి. సోమరితనానికి వంశంతో పనేముంది? అయినా నీకు చెబుతున్నాను చూడు, తాతకి దగ్గు నేర్పినట్టు.

ఏమిటీ, గుర్తుపట్టడం సరిగ్గానే ఉందా? మరింకేం!

లేబులా? లేబుల్లో ఏముంటుంది... నా రాతే. ఊరు, తారీఖు, పొద్దున ఆరు గంటలు, వాలిన పువ్వు పేరు.

అవును. లావెండరు.

అలా అడ్డంగా తలూపకు తల్లీ. మన దేశంలో అడ్డంగా ఊపితే అవుననే కదా, నువ్వు అవునంటుంటే గుచ్చుకుంటోంది నాకు.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ లేబులు ఎంతమంది పండితులు చదివారనుకున్నావు? "ఏమయ్యా, ఈ కొండ మీద, ఈ చలిలో లావెండరు ఎక్కడిది?" అని ఒక్కడూ అడగలేదు. నువ్వు అడిగావు. బనిత్సా ముట్టకుండానే అడిగావు.

సరే, ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యి.

ఆ జూన్‌లో స్తాంకా కింద లోయలో ఉన్న కార్లొవోలో వాళ్ళక్కని చూడటానికి వెళ్ళింది. మబ్బు పట్టిన సాయంత్రం, బస్సెక్కే ముందు అక్క పెరట్లో లావెండరు కట్టెడు కోసుకుంది. ఇంటికొచ్చి సీసాలో పెట్టి భోజనాల బల్ల మీద ఉంచింది. పొద్దున్నే నేను కాఫీ పట్టుకుని కూర్చున్నానా... ఒక కాడని దవడలతో కరిచిపట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, నిద్రపోతోంది మహాతల్లి! గూడు కట్టనిదానికి ఇల్లెక్కడిది? దొరికిన కాడే పడక. నూట యాభై కిలోమీటర్లు బస్సు కుదిపినా పట్టు వదల్లేదు.

పట్టకారుతో తీశాను. ఎక్కడ దొరికింది? మా ఊళ్ళో. అబద్ధమా? మా బల్ల మా ఊళ్ళోనే ఉందిగా! తారీఖు నిజం, టైము నిజం. పువ్వు దగ్గర ఏ ముళ్ళపువ్వు పేరో గీకేస్తే ఈ రోజు నువ్వు ఈ ప్రశ్న అడిగేదానివే కాదు. కానీ లేబులు మీద లేని పువ్వు పేరు రాయడానికి చెయ్యి రాలేదమ్మా! దొంగతనానికి పోతూ చెప్పులు గుమ్మం బయట విడిచినవాణ్ణి నేనే.

అసలు దాన్ని పోషించే తేనెటీగే మా కొండ మీద లేదు. అన్నం పెట్టేవాళ్ళు లేని ఊళ్ళో ఈ చుట్టం ఎలా ఉంటుంది? అయినా ఎంతమంది వచ్చారో వలలు భుజాన వేసుకుని! ఒకాయన కాలు కూడా విరగ్గొట్టుకున్నాడు పాపం. దారి చూపించింది ఎవరు? నేనే. ముందు నడిచి, పొద పొదకీ వంగి చూసి, "ఈ ఏడు చలి ఎక్కువండీ, బయటికి రాలేదు" అని నిట్టూర్చాను కూడా.

పిన్నికి తెలుసా అంటావా? తెలియకేం! నేను పట్టకారు తీసేటప్పుడు ఎదురుగా నిలబడి గుడ్లు వేయిస్తోంది. ఈ ఈగ దొరికిందని రాసిన వ్యాసం చివర అందరికీ కృతజ్ఞతలు చెప్పాను, జీపు డ్రైవరుకి కూడా. ఆవిడ పేరు లేదు. పెడితే ఎందుకని అడగరూ? ఆవిడ చదివింది. మడిచి సొరుగులో పెట్టింది. అప్పట్నుంచీ ఏటా జూన్‌లో లావెండరు తెచ్చి, అదే సీసాలో పెట్టి, నా ముందుకి జరిపి, "చూడండి, రెండోది వచ్చిందేమో" అంటుంది. నవ్వుతూనే అంటుంది. ఏటా నేను ఆ సీసా వైపు చూడకుండా కాఫీ తాగేస్తాను నెవేనా.

నవ్వుకో, నవ్వుకో. నీకు నవ్వొచ్చిందంటే న్యాయమే.

చుక్క తీసెయ్యి. ఇదిగో రబ్బరు.

ఆగు, ఈగని మాత్రం పారెయ్యకు. అది నిఖార్సైన ఈగ, దొంగ నేను. కొత్త లేబులు రాయాలి. నా రాతకి ఇక విలువ లేదు, నువ్వే రాయి. ఊరు, కార్లొవో. పువ్వు, లావెండరే. తెచ్చినవారు... స్తాంకా అని రాయి. కాస్త పెద్ద అక్షరాలతో.

పాతది పీకకు, మన పనిలో అది మహాపాపం. పైన నా అబద్ధం, కింద ఆవిడ పేరు, అదే సూదికి ఉండనీ. సాయంత్రం వెళ్ళి చెబుతాను ఆవిడకి. ఏమంటుందో మరి.

ఇకనైనా తిను. చేసింది ఆవిడే. ఇంటి నుంచి ఇక్కడికి మోసుకొచ్చింది మాత్రం నేను. ఈ కాళ్ళు మోసిన బరువల్లా ఇదొక్కటే.