యాంటెన్నా పట్టుకున్నవాడు

చిన్న టీవీ అంటావో, గోడంతా బొమ్మ పడే ప్రొజెక్టరు అంటావో, పాత టీవీకి వెనకాల గుచ్చితే నెట్‌లోంచి సినిమాలొచ్చే ఆ పుల్ల అంటావో, ఏదైనా సరే, నన్నడక్కుండా కొనకు బావా. ఎదురుగా టీవీల కొట్టు షట్టరు ఇంకా తియ్యలేదు, ఈలోగా ఇంకో టీ తాగు. టైలరుగారూ, మీరే చెప్పండి, మా అక్కావాళ్ల మొదటి టీవీ, ఆ చెక్క తలుపుల పెట్టె, దాన్ని కొన్నది ఈ బావే, కాదనను. కానీ బొమ్మ తెప్పించిందెవరు? నేను! అందరూ సినిమాకి చాపలు పరుచుకునేసరికి నేను మేడమీద యాంటెన్నా పట్టుకుని నిలబడేవాణ్ణి. పట్టుకుంటే బొమ్మ, వదిలితే చుక్కలు.

"సినిమా అయ్యేదాకానా?" అన్నాడు టైలరు.

అయ్యేదాకానే. వాన పడినా కదల్లేదు. కింద కిటికీలోంచి అక్క "వచ్చింది, వదలకు" అని అరిచేది, ఆ ఒక్క మాట చాలదూ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా చెయ్యి పడ్డ మహత్యం, మా ఇంట్లోనే కాదు, వీధి వీధంతా బొమ్మ అద్దంలా రావడం మొదలెట్టింది. యాంటెన్నాలు లేనివాళ్లకి కూడా వచ్చింది.

"టీవీలు లేనివాళ్లకో?" అన్నాడు టీ కొట్టాయన.

వాళ్లకి మాటలు మాత్రం వినబడేవి. నవ్వకండి. ఓ రోజు రెండు చేతులతో పట్టుకున్నాను, అంతే, నలుపు తెలుపు టీవీలో రంగులొచ్చేశాయి.

"పైనున్నవాడివి, నీకెలా తెలిసింది?" అన్నాడు టైలరు.

అక్క చెప్పింది. అదొక్కటేనా, ఇంకోసారి కాస్త అలిసి చెయ్యి వణికింది, వార్తలు చదివే ఆవిడ ఠక్కున చదవడం ఆపేసి, "పైనున్న అన్నగారు కొంచెం ఎడమకి జరగాలి" అందిట. జరిగాను. "ఇప్పుడు బావుంది" అని మళ్లీ మొదలెట్టిందిట.

ఏం రోజులండీ అవి. మేడమీద గాలి, కింద ఇరవైమంది ఒకేసారి నవ్విన నవ్వు నా కాళ్లకిందనుంచి పైకొచ్చేది. ఇప్పుడా పుల్ల గుచ్చితే ఎవరూ మేడెక్కక్కర్లేదుట. ఆ మాట వింటే నిజంగా బెంగొస్తుంది నాకు. మరి నేనెందుకు ఇంక? అందుకే ప్రొజెక్టరు కొను బావా, దాన్నైనా ఎవరో ఒకరు కదలకుండా పట్టుకోవాలి. ఏంటలా చూస్తున్నావు?

బావ గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు పట్టుకున్నది మన యాంటెన్నా కాదు బావమరిదీ. మనది నీళ్లట్యాంకు అవతలుండేది. నీ చేతిలో ఉన్నది పక్కవాటావాళ్లది. వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయాక దాని వైరు ఊరికే గోడకి వేలాడుతుండేది."

టైలరు తలొంచుకుని టీ చూసుకున్నాడు.

మరి అక్క "వచ్చింది, వదలకు" అని అరిచేది కదా...

"అందరికీ తెలుసు. నువ్వు కిందుంటే ఒక్క మాట విననిచ్చేవాడివి కాదు. హీరో నోరు తెరవకముందే నీ కథ మొదలయ్యేది. అందుకని మీ అక్కే నిన్ను పైకి పంపేది."

అక్కా?

"ఆవిడే. మొన్న కొత్త టీవీ మాటొచ్చేసరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. తమ్ముడు మనతో కూర్చుని ఒక్క సినిమా చూడలేదండీ, ఈసారి వాణ్ణి నా పక్కన కూర్చోబెట్టుకుంటాను అంది. అందుకే పొద్దున్నే నిన్ను వెంటబెట్టుకొచ్చాను. ఇంక బొమ్మ సంగతి నాకొదిలెయ్. నీ గొంతుని మించి వినబడే టీవీ వీటిలో ఏదో, అది మాత్రం చెప్పు."