కౌలుట్లయ్య కుసుమ కంచె

పెద్దవంక పొంగిన ఏడు, చలి పట్టే కాలం. కౌలుట్లయ్య అని ఒకడుండె. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనుకో. ముందేడు ఆయన జొన్నచేనును, పక్కచేనోడు ఉరుకుందు అని ఒకడుండె, వాని ఎనుము, అదే బర్రె, మేసిపోతే, ఇంటిల్లిపాదీ గంజినీళ్ళతో గడిపినారంట. ఈసారీ కంకి పోతే పిల్లోళ్ళకు రొట్టె లేదు. అందుకని ఏంజేసినాడంటే, చేను చుట్టూ కుసుమలేసినాడు. కుసుమ ఆకుకు ముల్లు, పూవు కింద ముల్లు, ఏ గొడ్డూ మూతి పెట్టదు, మీకు తెలిసిందే గదా. అందరూ రెండు సాళ్ళేస్తే ఈయన ఆరేసినాడు, అదీ దారి ఇడవకుండా. పెండ్లాం సుంకమ్మ, ఏమయ్యా, మనిషి పోను సందన్నా ఇడువు అంటే, నువ్వు దూరిన సందులో ఎనుము దూరదా మే, అన్నాడంట.

కుసుమలు నడుమెత్తు ఎదిగి పచ్చగా, ఎర్రగా పూసినాయి. జొన్న పాలు పోసుకుంది. అప్పుడేమైందంటే, చిలకలు దిగినాయి. చిలకకు కంచేంది? కౌలుట్లయ్య కడుపుమంట పట్టలేక గట్టు మీద నుంచి ఒక్క ఎగురు ఎగిరి చేలో పడినాడు. చిలకలు పోయినాయి. మళ్ళీ బయటికి ఎగరాలంటే లోపల గట్టేదీ? పొద్దుగూకి సుంకమ్మ వచ్చి, ఇంటికి రావా అంటే, కావలున్నా, పో, అన్నాడంట.

తెల్లారి ఆమె కొడవలి, రొట్టెల మూట తెచ్చింది. మంచుకు ముల్లు మెత్తగుంటాది, కోసి దారి చేస్తా, అనింది. కుసుమ కోసేది మంచులోనే, ఎండెక్కితే సూదులే. ఈయన, మొక్క ముట్టినావంటే చూడు, అన్నాడు. గట్టు మీద కూచున్న ఉరుకుందు, మామా, మా ఎనుముకైతే ఇంటికి పోను దారుంది, అన్నాడంట. ఇంక కోయనిస్తాడా? మూట కింద పెట్టి సుంకమ్మ వాదులాడతానే ఉంది, మంచు ఆరిపోతానే ఉంది. అంతలో ఆ ఎనుము నిదానంగా వచ్చి, మూటలో మూతి పెట్టి, రొట్టెలు నమలబట్టింది. కౌలుట్లయ్య దాని నోటి దిక్కే చూసినాడు, చూసినాడు. కోయ్ మే, అన్నాడు. ఇప్పుడా, రేపు మంచుకొస్తాలే, అని ఆమె కొడవలి నడుముకు చెక్కుకునింది.

ఆకలాగక కండ్లు మూసుకోని కుసుమల్లో పడి ఉరికినాడు. కుసుమలు మనిషిని ఇడిసినాయి గాని పంచెను ఇడవలే. ఎనుము ఎంగిలి చేసిన మూటగుడ్డే చుట్టుకోని, ఊరి నడుమ నుంచి నడిచి ఇల్లు చేరినాడంట.

ఇప్పటికీ మా పక్క కుసుమ సాళ్ళలో మనిషి పట్టేంత సందు ఇడిసి, కంప అడ్డమేస్తారు. కౌలుట్లయ్య మాత్రం చచ్చేదాకా సందు ఇడవలేదనుకో. అయినా చెప్పుకోవాల, ఆ ఏడు ఎనుము ఒక్క కంకి ముట్టలేదు. పోయింది ఒక పంచె, ఒక పూట రొట్టెలు.