వెనక నిద్రపోతున్న మనిషి

సికింద్రాబాద్ కోర్టు వెనక సందులో వకీలు బాబూరావు ఆఫీసు. ఎదుటి కుర్చీలలో బడి బస్సు డ్రైవరు ప్రభుదాసు, ఆయన భార్య దేవకృప కూర్చున్నారు.

"ఆ మాట మీద నాకు చిన్నప్పటి నుంచి అనుమానమే వకీల్ సాబ్. మా తాత పోయినప్పుడు పాస్టరు గారు 'ప్రభువునందు నిద్రించిండు' అన్నరు. నిద్రనే గదా, లేస్తడని పొద్దుగూకేదాక మంచం పక్కనే కూసున్న. మనం నమ్మి అంటమా, చచ్చిపోయిండు అనెటందుకు నోరు రాక అంటమా అని ఇప్పటికీ..."

"నీ అనుమానం తర్వాత చూద్దాం ప్రభుదాసూ. సైనిక్‌పురి రోడ్డు మీద పోలీసాయన బండి ఆపిండు. వెనక ఎవరున్నరని అడిగిండు. నువ్వేమన్నవ్?"

"జకర్యా అన్న నిద్రించిండు సార్ అన్న. మా చర్చిల అట్లనే అంటం."

"ఆయన ఏం రాసుకున్నడో విను. 'వాహనము అతివేగముగా పోవుచుండగా వెనుక భాగమున ఒక ప్రయాణికుడు నిద్రించుచుండెను.'"

"యేసయ్యా. ఏమండి, శవపెట్టెల ఉన్న మనిషిని ప్రయాణికుడని రాసిండా?"

"తెర తీసి చూడలేదమ్మా. మన అదృష్టం."

"అదృష్టమేంది వకీల్ సాబ్? అది చర్చి శవాల బండి. సెలవు దొరికినప్పుడు మా ఆయన ఉత్తగనే తోల్తడు. సేవ అనుకుంట తోల్తడు. ఆ సేవకు ఇప్పుడు లైసెన్సు మీదికి వచ్చింది. లైసెన్సు పోతే పిల్లల బస్సు ముట్టనియ్యమని బడి వాళ్లు చెప్పేసిన్రు. ఇంట్ల ఆయన ఒక్కడి జీతమే."

"అందుకే చెప్తున్న, జెర నెమ్మదిగ వినండి. జకర్యా నిద్రపోతున్నడని పోలీసోళ్లే రాసిన్రు. నిద్రపోతున్నడంటే?"

"అంటే?"

"బతికున్నడు."

"వకీల్ సాబ్."

"బతికున్నడు ప్రభుదాసూ. పేషెంటు. గుండెనొప్పి. నువ్వు దవాఖానకు తీస్కపోతున్నవ్. జోరుగ తోలకుంటే తప్పు గాని, తోలితే తప్పేంది? కేసు ఖతం."

"చర్చిల అందరి ముంగట పాట పాడి, పెట్టె మూత బిగించినం. మేకులు కొట్టింది నేనే."

"పెట్టె అని రాసిండా ఈడ? మేకులని రాసిండా? నిద్ర అని రాసిండు. కోర్టు కాగితం చూస్తది, నీ మేకులు చూడదు."

"సార్, మీరు తింటున్న బజ్జీ నూనె ఆ కాగితానికి అంటుతున్నది."

"అంటనీ. ఇగో, నీ పక్క సీట్ల ఎవరున్నరు?"

"రోసమ్మ వదిన. జకర్యా అన్న భార్య."

"ఏడ్సుకుంట ఉన్నదా?"

"ఏడ్వదా మరి?"

"బహుత్ అచ్ఛా. పేషెంటు భార్య సుత ఏడుస్తది. ఆమె కోర్టుకొచ్చి ఒక్క మాట అంటే చాలు. 'బండి ఆపినప్పుడు మా ఆయన మంచినీళ్లు అడిగిండు' అని."

"ఏం మాట్లాడుతున్నరు మీరు? భర్తను మట్టి చేసి ఇంకా అన్నం మెతుకు నోట్లె పెట్టుకోలే ఆమె. ఆమెతోని గిట్ల..."

"అమ్మా, మీ ఆయన నౌకరీ ఉండాల్నా, వద్దా?"

"ఉండాలె."

"మరి? ఇంకో సంగతి. పోలీసాయన బండిని చానాసేపు ఆపిండు గదా. ఆపబట్టే పేషెంటు పోయిండందాం. దవాఖాన పక్కన నాకు తెలిసిన డాక్టరున్నడు, చావు టైమును బండి ఆపినంకకు జరుపుతడు. ఆ పోలీసాయన మీదనే మనం ఉల్టా కేసు పెడదాం. రోసమ్మకింత వస్తది, నాకింత వస్తది. నువ్వు సాఫ్‌గ బయటపడ్తవ్."

"ఛీ."

"ఎవరన్నరు ఛీ అని?"

"నేనే అన్న. ఏమండి, లెవ్వండి. ఈ బజ్జీల వాసన కన్న ఈయన మాటల వాసనే ఎక్కువున్నది."

"కూసో కృపా."

"ఏం కూసునేది? ఆ పోలీసాయనకు పెండ్లాం పిల్లలుండరా? చచ్చినాయనను మళ్ల లేపి, నీళ్లు అడిగించి, మళ్ల చంపుతడంట. అది సుత రోసమ్మ వదిన నోటితోని."

"అమ్మా, నేను చెడ్డోణ్ణే. కాని ఈ కుర్చీల కూసున్నోళ్లందరు మొదలు ఛీ అనే అంటరు. మళ్ల పొద్దున ఫోన్ చేస్తరు. సరే, మీ దోవలనే పోదాం. నిజమే చెప్దాం. నిజం ఏందో నాకు చెప్పు ప్రభుదాసూ. చచ్చినోనికి ఏం తొందర? అంత జోరెందుకు తోలినవ్?"

"బండి జెర జోరుగ పోయింది."

"బండి పోదు. తోల్తే పోతది. ఎందుకు తోలినవ్?"

"పాత బండి సార్. దాని బ్రేకు..."

"బ్రేకు మంచిగనే ఉన్నది. చెయ్యి చూపియ్యంగనే ఆపినవని ఈడ రాసిండు. ఎందుకు తోలినవ్?"

"చెప్పండి. నాకు చెప్పింది చెప్పండి, సిగ్గేమున్నది? ఆయన చెప్పడు, నేను చెప్త వకీల్ సాబ్. సమాధుల తోటల జాగ లేదు. కమిటీ వాళ్లు తవ్విన ఒక్క గుంతను ఇద్దరికి ఒప్పుకున్నరు. పైసలు ఇద్దరి దగ్గర తీసుకున్నరు. బండి చర్చి దాటినంక తోట వాచ్‌మన్ ఈయనకు ఫోన్ చేసిండు. 'ఇంకో పెట్టె సుత బయలెల్లింది, ఎవరు ముందొస్తే వాళ్లదే గుంత' అని."

"అరె. శవాల పందెమా?"

"పందెమే. పోలీసాయన రాసుకుంట కూసున్నప్పుడు ఆ రెండో బండి పూలదండలు ఊపుకుంట ఈయన బండి పక్క నుంచే పోయిందంట వకీల్ సాబ్. రోసమ్మ వదిన అద్దంల నుంచి చూసిందంట."

"మీ కమిటీ ముంగట నేనెంత? ఇంతసేపు నన్ను ఛీ అన్నరు. మరి జకర్యాను ఏడ పెట్టిన్రు?"

"మా అత్తమ్మ సమాధిల. దాన్ని తెరిపించి, అత్తమ్మ ఎముకలు తెల్లగుడ్డల చుట్టి ఒక పక్కకు జరిపి, ఆయన పెట్టెను దించినం. ఎవరు అడగలే. రోసమ్మ వదిన తోట గేటు కాడ నిలబడుంటే, మా ఆయన తనంతట తనే పోయి పార తీసుకున్నడు. ఇసొంటి మనిషితోని మీరు దొంగసాక్ష్యం..."

"ఇది ముందే చెప్పాలె గదమ్మా. కన్నతల్లి సమాధిని దానం చేసిన డ్రైవరు. జడ్జి కండ్లల్ల నీళ్లు తెప్పిస్త. ఆగండి, రాసుకుంట."

"రాయకండి సార్."

"ఇదన్న నిజమే గదా?"

"దానం గాదు."

"ఏమండి, నేను పక్కనే ఉన్న గదా. చూసిన గదా."

"కృపా, ఆ జాగ అమ్మది కాదు. జకర్యా అన్న తనకోసం కొనిపెట్టుకున్నది. అమ్మ పోయిన నాడు ముసురు వాన. ఏ తోటకు పోయినా జాగ లేదన్నరు. 'ముందు అమ్మను పెట్టు తమ్మీ, తర్వాత నాకింత జాగ చూసియ్యి' అన్నడు. చూసిస్త అన్న. అప్పుడు నువ్వు బాలింతవు, పుట్టింట్ల ఉన్నవ్. యేండ్లు గడిచినయ్. ఆయన అడగలే. నేను ఆ మాట ఎత్తలే."

"నాకు ఒక్కనాడు చెప్పలే."

"ఎట్ల చెప్త?"

"అయితే మంచిదే గద ప్రభుదాసూ. ఆయన రుణం తీర్చెటందుకే ఆయన కోసం ఉరికినవ్."

"ఆయన కోసం కాదు సార్, నా కోసం. ఆ గుంత దొరికితే అమ్మను కదిలియ్యకుండ తప్పించుకోవచ్చని తోలిన. పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టబట్టే జకర్యా అన్న జాగ జకర్యా అన్నకు ముట్టింది. ఆ పోలీసాయన మీద నేను కేసెట్ల పెడత? జోరుగ తోలింది నిజమేనని జడ్జి ముంగట నేనే చెప్త."