అవసరమేమీ లేదు సార్

మామా, నిన్ను ఎవరు అడిగిరి? ఆ సారు ఫోన్లో తెలుగు మాట్లాడేది నీ చెవిన పడితే, చెవిలోనే పెట్టుకోని ఉండకూడదా?

"ఇందుజా, ఆయన మనాళ్లే! తెలుగులో మాట్లాడు, కరిగిపోతాడు" అంటివే! కరిగిపోయినది సారు కాదు, నా సీటు.

నవ్వకు గోవిందు మామా! ఆ బజ్జీ పక్కన పెట్టి విను.

డిజైన్ కాలేజీ పరీక్షంటే పొద్దున బాగానే రాస్తిని. నీళ్ల గ్లాసులో మునిగిన స్పూను గీయమనిరి. విరిగినట్లు కనపడాల, గీస్తిని. వానలో బస్‌స్టాండు ఎట్లుంటుందో తలచుకోని గీయమనిరి. సూలూరులో పెరిగినదానికి అదొక కష్టమా? గొడుగు తిరగబడి తిట్టే ముసలామెను కూడా వేస్తిని.

మధ్యాన్నం అట్ట, పురికొస, ఐస్‌పుల్లలు ఇచ్చి, ఇంట్లోవాళ్లకు పనికొచ్చేది ఏదైనా చేయమనిరి. నీకోసమే చేస్తిని మామా. మోపెడ్‌కు తగిలించే ఊయల. అన్నం క్యారియర్ అందులో పెడితే నువ్వు ఏ గుంతలో దూకినా కొళంబు ఒలకదు. నీ ప్యాంట్లు ఉతకలేక అత్త పడే పాట్లు నాకు తెలీవా?

తరువాత ఇంటర్వ్యూ. ముగ్గురు కూర్చోని ఉండిరి. నేను తెలుగులో మొదలుపెడితే సారు మొహం వెలిగిపోయె. ఇంకేమి, నీ ఊయల గురించి నేను డిబేట్‌లో మాదిరి గడగడా గడగడా... సారు చెయ్యెత్తి ఆపి అడిగె: "అంతా బాగానే ఉందమ్మా, కానీ అవసరం ఏముంది?"

నువ్వే చెప్పు, నీకేమి అర్థమవుతుంది? ఇంత బిరబిరా మాట్లాడేదానికి తొందరేమి అని కదా? అరవం కలిసిన మన ఇంటి మాటలో అవసరమంటే తొందర కాకుండా ఇంకేమి? "అవసరంగా తినొద్దు, పొరబోతుంది" అని అవ్వ ఎన్నిసార్లు అనలేదు?

"అవసరమేమీ లేదు సార్" అంటిని.

సారు కళ్లద్దాలు తీసె. "అసలు లేదా?"

"అసలు లేదు సార్."

"మరి మీ మామయ్యకు?"

"మా మామకా! పుట్టినప్పటినుంచి ఆయనకు అవసరమనేదే తెలీదు సార్!"

పక్కనున్న మేడం దగ్గె. సారు పెన్నుకు మూత పెట్టె. నేనేమో, ఆహా, తృప్తిపడిపోయినారని నమస్కారం పెట్టి వచ్చేస్తిని!

బయట విజయవాడ పిల్లొకతె ఉండె. చెప్తే పడీపడీ నవ్వె. వాళ్లకు అవసరమంటే కావలసి ఉండేదంట మామా! చెయ్యి, కన్ను, ఊహ అన్నీ చూసినాక కడాన ఆ ఒక్కటే అడుగుతారంట, ఈ వస్తువు ఎవరికి కావాల అని. ఎదుటివాళ్ల వాదం చీల్చి కప్పులు గెలిచినదాన్ని, ఈరోజు నా వాదం నేనే చీల్చుకోని వస్తిని!

పోతే పోనీ, వచ్చే ఏడు రాద్దామంటావా? నాన్న రాయనిస్తాడా? ఈసారి సీటు రాకపోతే మిల్లు ఆఫీసులో చేరతానని మాటిచ్చి కదా వస్తిని. "సీటేమి పెద్ద సీటు" అని అందరి ముందర తిరిగితినే, అదంతా వట్టిది మామా. నాకది కావాల. చానా కావాల.

అదిగో, లోపలికి పోవలసినవాళ్లు ఇంకా ఇద్దరున్నారు. సారు లేవలేదు. ఈ వాచ్‌మనే నన్ను విడవనంటాడు. నువ్వు ఆయన దగ్గర నిలబడి ఊరేది, బిడ్డలెందరు, ఏమన్నా అడుగుతా ఉండు. నేను దూరిపోతాను. లే మామా. చెయ్యి తుడుచుకో, నడువు!